ముట్టుకునే ముందు

ముప్ఫై ఒక్క ఏళ్ళు ఇంటర్మీడియెట్ పిల్లలకి వృక్షశాస్త్రం చెప్పాను. ఏటా ఆకుల రూపాంతరాల పాఠంలో కీటకాహార మొక్కల దగ్గరికి వచ్చేసరికి క్లాసంతా నిటారుగా కూర్చునేది. అప్పటిదాకా కిటికీలోంచి రోడ్డు చూస్తున్నవాళ్ళు కూడా ఇటు తిరిగేవాళ్ళు. మొక్క పురుగును తినడమేమిటి! నెపంథిస్‌ని చూపించడానికి మా ల్యాబులో ఫార్మలిన్ సీసా ఒకటుండేది. డ్రాసిరా మన తూర్పు కనుమల తడినేలల్లో పెరుగుతుంది కాబట్టి రెండు మూడుసార్లు పిల్లల్ని తీసుకెళ్ళి చూపించగలిగాను. డయోనియా మాత్రం ఎప్పుడూ నల్లబల్ల మీద సుద్దముక్కతో గీసిన బొమ్మే. రెండు రెప్పలు, వాటి అంచున పళ్ళు, ఒక్కో రెప్ప లోపల మూడేసి నూగులు. వాడుకలో దాని పేరు వీనస్ ఫ్లైట్రాప్.

ఒక ఏడు ఒకమ్మాయి లేచి, "మేడమ్, వీనస్ అంటే దేవత కదా. పురుగుల్ని పట్టే మొక్కకి ఆ పేరెందుకు పెట్టారు?" అని అడిగింది. వెనక బెంచీల్లో మగపిల్లలు కిసుక్కున నవ్వారు. ఆ పిల్ల తలొంచుకుని కూర్చుండిపోయింది. ఆ నవ్వు దేనికో వాళ్ళకి తెలుసు, నాకు తెలుసు, ఆ పిల్లకీ ఆ క్షణంలోనే తెలిసిపోయింది. పాఠ్యపుస్తకంలో మాత్రం ఆ ప్రశ్నకి జవాబు లేదు.

రిటైరయ్యాక ఆ మొక్కతో ఒకే ఇంట్లో ఆరునెలలు ఉండే అవకాశం వచ్చింది. 2022 అక్టోబరులో మా అమ్మాయి పురుటికి అమెరికా వెళ్ళాను. నార్త్ కరోలినా రాష్ట్రంలో కేరీ అనే ఊరు. తెలుగువాళ్ళు బాగా ఉన్న ఊరు. వేంకటేశ్వరస్వామి గుడి ఉంది, కొట్లో గోంగూర దొరుకుతుంది. వంటింటి వెనకాల చెక్కలతో కట్టిన వసారా ఒకటుంటుంది, డెక్ అంటారు. దాని కటకటాల పక్కన ప్లాస్టిక్ కుండీలో కనిపించింది డయోనియా. ఇన్నేళ్ళూ బోర్డు నిండా గీశాను కదా, అసలు మొక్క అరచేతిలో ఇమిడిపోయేంత ఉంది. నేలని అంటిపెట్టుకున్న పది పన్నెండు ఆకులు. వాటి చివర రూపాయి బిళ్ళంత బోనులు. లోపలి వైపు ఎండకి ఎర్రబడ్డాయి.

మరో సంగతి మా అమ్మాయి చెప్పింది. భూమి మొత్తం మీద ఈ మొక్క సొంతంగా పెరిగే చోటు ఈ రాష్ట్రపు తీరప్రాంతమూ, పక్కనున్న సౌత్ కరోలినాలో కాస్త మేరానట. విల్మింగ్‌టన్ అనే ఊరి చుట్టూ వంద మైళ్ళ లోపు. కేరీ నుంచి కారులో రెండుగంటల దూరం. అంటే ఆ ఇంట్లో పరాయివాళ్ళం మేమే, అది స్థానికురాలు.

"అమ్మా, దీనికి మూడు వద్దులున్నాయి. ఎరువు వద్దు, కుళాయి నీళ్ళు వద్దు, వేలు పెట్టొద్దు" అంది మా అమ్మాయి.

మొదటి రెండు వద్దులూ వృక్షశాస్త్రం చదివినవాళ్ళకి అర్థమవుతాయి. ఇది పుట్టిన నేల ఇసక, పుల్లటి బురద. నత్రజని దాదాపు లేని నేల. అక్కడ బతకడానికి దొరకని నత్రజనిని పురుగుల్లోంచి తీసుకోవడం నేర్చుకుంది. తక్కిన మొక్కల్లాగే ఎండలో తన పిండిపదార్థం తనే తయారుచేసుకుంటుంది. దీని వేళ్ళకి పేదనేల అలవాటు. మనం ప్రేమకొద్దీ పశువుల ఎరువో వర్మికంపోస్టో వేస్తే ఆ వేళ్ళు మాడిపోతాయి. కుళాయి నీళ్ళలో, బోరు నీళ్ళలో ఉండే ఉప్పులు కూడా మట్టిలో పేరుకుని దాన్ని మెల్లగా చంపుతాయి. అందుకని ఎరువు కలపని పీట్ మాస్, పెర్లైట్ కలిపిన మిశ్రమంలో పెట్టి, కింద పళ్ళెంలో అంగుళం మేర వాన నీళ్ళు పోసి ఉంచాలి. చూరు గొట్టం కింద మా అమ్మాయి ఒక బకెట్ పెట్టింది. వాన లేని వారాల్లో డిస్టిల్డ్ నీళ్ళు కొనేది. రోజుకి ఆరుగంటలైనా నేరుగా ఎండ తగలాలి. ఆరుబయట ఉన్నదానికి తిండి మనం పెట్టనక్కర్లేదు. చీమనో సాలీడునో అదే పట్టుకుంటుంది. మాంసం ముక్కలూ అన్నం మెతుకులూ వేస్తే బోను కుళ్ళిపోతుంది.

పెట్టడమే ప్రేమ అని కదా మనకి నేర్పింది. వద్దంటున్నా ఇంకో గరిటె వడ్డించడం, ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ళ సందుల్లోంచి నెయ్యి పొయ్యడం. ఎదుటివాళ్ళకి ఏది కావాలో చూడటం దానికన్నా కష్టమైన పని. నేనూ సూట్‌కేసులో కాయం, వెల్లుల్లి కారం, పాత బియ్యం పట్టుకెళ్ళిన తల్లినే. కాయం మా అమ్మాయి ఇష్టంగానే తింది. ఎందుకంటే అది తనే అడిగి తెప్పించుకుంది.

మూడో వద్దు గురించి కొంచెం వివరంగా చెప్పాలి.

బోను లోపల మూడేసి నూగులుంటాయన్నాను కదా. వాటిలో ఒకదాన్ని ఒకసారి తాకితే ఏమీ జరగదు. దాదాపు ఇరవై సెకన్ల లోపు రెండోసారి తాకితే, సెకనులో పదోవంతు కాలంలో బోను మూసుకుపోతుంది. మొదటి స్పర్శ గాలికి రాలిన ఎండుటాకుదో వానచినుకుదో కావచ్చు. రెండోది వస్తే లోపల ప్రాణమున్నది ఏదో తిరుగుతోందని లెక్క. మూసుకున్నాక కూడా వెంటనే తినడం మొదలుపెట్టదు. లోపలిది కదులుతూ ఐదారుసార్లు నూగుల్ని తాకితేనే జీర్ణరసాలు తయారుచేస్తుంది. జర్మనీలోని వర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు 2016లో ఈ లెక్కని ప్రకటించారు. నూగు వంగినప్పుడల్లా ఒక విద్యుత్ సంకేతం పుట్టి ఆకంతా పాకుతుంది. డార్విన్ కోరిక మీద బర్డన్ శాండర్సన్ 1873లోనే లండన్‌లో ఆ సంకేతాన్ని కొలిచాడు.

మనం అగ్గిపుల్లతోనో చిటికెన వేలితోనో గిలిగింతలు పెట్టినా బోను మూసుకుంటుంది. లోపల ఏమీ లేదని తెలుసుకుని మళ్ళీ తెరుచుకోవడానికి దానికి ఒక రోజో ఇంకా ఎక్కువో పడుతుంది. ఒక్కో బోను తన జీవితంలో మూసి తెరవగలిగేది కొన్నిసార్లే. ఆ తర్వాత నల్లబడి రాలిపోతుంది. ఊరికే మూయించిన ప్రతిసారీ దాని బలం వృథాగా ఖర్చవుతుంది. మనకి అది ఒక సెకను వినోదం.

అక్టోబరు చివర్లో పాప పుట్టింది. నవంబరు మొదటి వారాల్లో ఇంకా ఎండలు బాగానే ఉన్నాయి. చూడటానికి వచ్చేవాళ్ళు వస్తున్నారు. మంచివాళ్ళే, వంట చేసి డబ్బాల్లో తెచ్చేవాళ్ళు. పిల్లలు డెక్ మీదకి పరుగెత్తి బోనుల్లో వేళ్ళు పెట్టేవాళ్ళు. మొక్క మూసుకుంటే చప్పట్లు. పెద్దవాళ్ళూ, "ఏదీ, ఇంకోటి మూయించు" అనేవాళ్ళు. లోపల సోఫాలో మా అమ్మాయి పరిస్థితీ అదే. పాప రోజుకి పది పన్నెండుసార్లు పాలు తాగుతోంది. ఆ మధ్యలో వచ్చినవాళ్ళు భుజం మీద చెయ్యి వేసి, "పాలు సరిపోతున్నాయా" అంటారు. పొట్ట మీద చెయ్యి వేసి, "గుడ్డ కట్టుకోవడం లేదా" అంటారు. చనువున్న మనుషులే. ఒక మధ్యాహ్నం అందరూ వెళ్ళాక తను గోడకి జారగిలబడి, "అమ్మా, పాప కాకుండా ఇంకెవరూ ఈ పూట నన్ను ముట్టుకోవద్దు. నువ్వు కూడా" అంది. కోపంగా కాదు, ఎంతో అలిసిపోయి.

ఆ మాటని ఆ ఇంట్లో నిలబెట్టడం నా పని అనుకున్నాను. మర్నాడు వచ్చినవాళ్ళతో, "అమ్మాయి పడుకుంది, పాపని తర్వాత చూద్దురుగాని, కాఫీ తాగండి" అన్నాను. వాళ్ళలో నా ఈడు ఆవిడ ఒకరు, "వదినగారూ, మన కాలంలో ఇవన్నీ ఉన్నాయా?" అన్నారు.

"ఉన్నాయి వదినగారూ. చెప్పే నోరే లేదు" అన్నాను.

ఆవిడ కాసేపు కప్పు వంక చూస్తూ ఊరుకున్నారు. తర్వాత తన మొదటి పురుడు సంగతి చెప్పడం మొదలుపెట్టారు. ఆ సాయంత్రం మేమిద్దరం మాట్లాడుకున్నది చాలా ఉంది. అది ఆవిడది, ఇక్కడ రాయను.

మన భాషలో ముట్టుకోవడం చిన్న మాట కాదు. ముట్టు అంటే తాకడం, ముట్టు అంటే నెలసరి కూడా. అంటు అన్నా అంతే. ఆడదాని ఒంటిని గురించీ కులాన్ని గురించీ సంఘం చేసిన నిర్ణయాలన్నీ ఈ రెండు మాటల చుట్టూ తిరుగుతాయి. నా పురిటికి మా పుట్టింట్లో పదకొండు రోజులు నన్ను ఎవరూ ముట్టుకోలేదు. మైల. చీకటి గదిలో నులకమంచం, దూరంనుంచి జరిపే కంచం. కానీ మంత్రసానీ, బట్టలుతికే ఆవిడా ముట్టుకోవచ్చు. వాళ్ళనెలాగూ మాకు ఎడంగా ఉంచింది కాబట్టి! పన్నెండో రోజు స్నానం చేయించాక మళ్ళీ నేను అందరిదాన్నీ అయిపోయాను. ఎవరు ఎప్పుడైనా ముట్టుకోవచ్చు, ఎవరికి ఏ పనికైనా లేవాలి. ఈ రెండు స్థితుల్లోనూ నన్ను అడిగినవాళ్ళు లేరు. ముట్టుకోకూడదని నిర్ణయించిందీ ముట్టుకోవచ్చని నిర్ణయించిందీ వేరేవాళ్ళే. మా అమ్మాయి అడిగిన ఒక పూట మైల కాదు. అది తన ఒంటి మీద తను తీసుకున్న నిర్ణయం. పైకి రెండూ ఒకేలా కనిపించవచ్చు. మనం మాత్రం ఆ తేడా చూడగలగాలి.

ఇక మా విద్యార్థిని అడిగిన ప్రశ్న. పాప నిద్రపోయే వేళల్లో చదువుతూ కూర్చుంటే జవాబు దొరికింది.

1759లో నార్త్ కరోలినా గవర్నరుగా ఉన్న ఆర్థర్ డాబ్స్ ఈ మొక్క గురించి లండన్‌లోని పీటర్ కాలిన్‌సన్‌కు ఉత్తరం రాశాడు. మనకి దొరికే తొలి ప్రస్తావన అదే. తర్వాత వృక్షప్రియులు తమ ఉత్తరాల్లో దీన్ని 'టిపిటివిచెట్' అని పిలుచుకున్నారు. ఆ మాట వెనక ఆడవాళ్ళ మర్మాంగం మీద మోటు హాస్యం దాగి ఉందని ఆ ఉత్తరాలను పరిశీలించిన చరిత్రకారులు తేల్చారు. రెండు ఎర్రటి రెప్పలు, అంచున వెంట్రుకల్లాంటి పళ్ళు, తాకితే పట్టేసే గుణం. పెద్దమనుషులు ఉత్తరాల్లో నవ్వుకోవడానికి అది చాలింది. 1768-69లో జాన్ ఎల్లిస్ దానికి శాస్త్రీయ నామం పెట్టాడు, డయోనియా మస్సిపులా అని. గ్రీకు కథల్లో ప్రేమదేవత తల్లి డయోనీ. డయోనియా అంటే ఆమె కూతురు, వీనస్. మస్సిపులా అంటే లాటిన్‌లో ఎలుకబోను. మోటు మాటకి లాటిన్ చీర కట్టించారు, అంతే. మా కాలేజీ వెనక బెంచీ నవ్వుకి రెండున్నర శతాబ్దాల వయసుందన్నమాట.

ఇక్కడ నాకు ఇంకో మొక్క గుర్తొచ్చింది. మన గట్ల మీద పెరిగే అత్తిపత్తి. ముట్టుకుంటే ముడుచుకుపోతుంది. కొన్ని ఊళ్ళలో దాన్ని సిగ్గాకు అంటారు. శాస్త్రీయ నామం మైమోసా పుడికా. 1753లో లినేయస్ పెట్టిన పేరు. పుడికా అంటే సిగ్గరి, శీలవతి. ఖండాల అవతలివాళ్ళూ మనవాళ్ళూ ఒకే మాట అనుకున్నారు చూడండి! జగదీశ్ చంద్ర బోస్ ఈ మొక్క ఆకుల్లో పాకే విద్యుత్ సంకేతాల మీద ఏళ్ళ తరబడి పనిచేశాడు. సిగ్గాకులో పాకేదీ వీనస్ బోనులో పాకేదీ అలాంటి సంకేతమే. తాకితే కదలడం రెండింటి గుణమూ. ముడుచుకునేది సిగ్గరి అయింది. పట్టుకునేది వలవేసేది అయింది. ఆడవాళ్ళకి సంఘం దాచి ఉంచిన పేర్లు రెండే కాబట్టి మొక్కలకీ ఆ రెండే దక్కాయి. నిజానికి అత్తిపత్తి సిగ్గుపడటం లేదు. తనని తినవచ్చే పురుగు నుంచీ పశువు నుంచీ తప్పించుకుంటోంది. డయోనియా ఎవరినీ వలచి పిలవడం లేదు. పేదనేలలో బతుకుతోంది. పేరు పెట్టేవాడు మొక్కని చూస్తూ తన మనసులో ఉన్నది చెప్పుకున్నాడు.

ఎల్లిస్ ఈ మొక్క పురుగుల్ని ఆహారంగా తీసుకుంటుందేమోనని లినేయస్‌కి రాశాడు. లినేయస్ ఒప్పుకోలేదు. పురుగు గింజుకోవడం ఆపగానే ఆకు తెరుచుకుని వదిలేస్తుందనుకున్నాడు. మొక్క జంతువును తినడం సృష్టిక్రమానికే విరుద్ధమని అప్పటి వాళ్ళ నమ్మకం. అది నిజంగా తింటుందని విస్తారమైన ప్రయోగాలతో రుజువు చేసింది డార్విన్, 1875లో వచ్చిన కీటకాహార మొక్కల పుస్తకంలో. మనం పాఠం అంతవరకే చెబుతాం. ఆ పుస్తకంలోనే ఒక ఆడమనిషి పేరు పదేపదే వస్తుంది. మేరీ ట్రీట్.

న్యూజెర్సీలో వైన్‌లాండ్ అనే ఊళ్ళో ఉండేది మేరీ ట్రీట్. 1830లో పుట్టి 1923లో పోయింది. 1874లో భర్త నుంచి విడిపోయాక పత్రికలకు ప్రకృతి వ్యాసాలు రాసి, శాస్త్రవేత్తలకు నమూనాలు సేకరించి పంపి తన బతుకు తాను బతికింది. ప్రయోగశాల లేదు, పదవి లేదు. ఇంటి కిటికీ దగ్గరా పెరట్లోనూ కీటకాహార మొక్కల్నీ సాలీళ్ళనీ చీమల్నీ పెంచి చూసేది. డయోనియా బోనులో తన వేలి కొననే ఉంచి ఏం జరుగుతుందో చూసింది. యుట్రిక్యులేరియా పురుగుల్ని ఎలా పట్టుకుంటుందో సూక్ష్మదర్శిని ముందు గంటలకొద్దీ కూర్చుని చూసి డార్విన్‌కి రాసింది. ఇద్దరి మధ్యా ఏళ్ళపాటు ఉత్తరాలు నడిచాయి. తన పుస్తకంలో ఆయన ఆమె పరిశీలనల్ని పేరు పెట్టి ఉదహరించాడు. తర్వాత 1885లో ఆమె తన ఇంట్లో చేసిన ప్రకృతి పరిశీలనలతోనే ఒక పుస్తకం వేసింది. ఆడవాళ్ళు ఇంట్లో చేసేదంతా కాలక్షేపం అనేవాళ్ళకి ఆమెని చూపించాలి. ఏళ్ళ తరబడి డయోనియా పాఠం చెప్పిన నాకు ఈ పేరు ఏ పాఠ్యపుస్తకంలోనూ తగల్లేదు.

ఆమె వేలు పెట్టింది తెలుసుకోవడానికి. మన డెక్ మీది వేళ్ళు పెట్టింది చప్పట్ల కోసం. ఆ తేడా కూడా చిన్నది కాదు.

నవంబరు నెలాఖరుకి మొక్క మారిపోయింది. కొత్త ఆకులు రావడం ఆగింది. పాత బోనులు ఒక్కొక్కటే నల్లబడ్డాయి. తాకినా కదలడం లేదు. వచ్చినవాళ్ళు, "చచ్చిపోయింది, పారేసి ఇంకోటి కొనుక్కోండి" అనేవాళ్ళు. ఇది చలికాలంలో మూడు నాలుగు నెలలు నిద్రపోయే మొక్క. పైన నల్లబడినా మట్టిలో తెల్లటి దుంప బతికే ఉంటుంది. ఆ నిద్ర లేకుండా ఏడాది పొడుగునా వెచ్చటి గదిలో ఉంచితే నీరసించి, కొన్నాళ్ళకి నిజంగానే చచ్చిపోతుంది. చెయ్యాల్సినదల్లా మట్టి ఆరిపోకుండా చూస్తూ దాని మానాన దాన్ని వదిలెయ్యడం. 2022 క్రిస్మస్ ముందు గడ్డకట్టే చలిగాలి వచ్చినప్పుడు మా అల్లుడు కుండీని గ్యారేజీలోకి మార్చాడు, అంతే. మనవైపు ఈమధ్య ఈ మొక్కల్ని ఆన్‌లైన్‌లో కొని పెంచుతున్నారు. మన కోస్తాలో అలాంటి చలికాలం లేదు కాబట్టి కొందరు దుంపని తడి నాచులో చుట్టి ఫ్రిజ్‌లో మూడునెలలు ఉంచుతారు. వాళ్ళు కొన్నది పని ఆగని మొక్క కాదు, పని ఆపితేనే బతికే మొక్క.

ఆ మూడునెలల మాట వింటుంటే నాకు ఇంకో లెక్క తట్టింది. అమెరికాలో 1993 నాటి చట్టం ప్రకారం యాభైమంది పైన పనిచేసే సంస్థల్లో బిడ్డ పుడితే పన్నెండు వారాల సెలవు. అదీ జీతం లేకుండా. ఆ దేశం మొత్తానికి వర్తించే చట్టం ఇచ్చేది అంతే. మన దేశంలో 2017 సవరణ తర్వాత ఇరవయ్యారు వారాలు జీతంతో. గొప్పే. కానీ మిరపకోతకి పోయే ఆడమనిషికీ నాలుగిళ్ళలో అంట్లు తోమే ఆడమనిషికీ ఆ ఇరవయ్యారు వారాలు ఎవరిస్తారు? అక్కడా ఇక్కడా బాలింత ఇంట్లో ఉన్న నెలల్ని ఖాళీగా ఉండటమనే అంటారు. మొక్క నల్లబడగానే చచ్చిపోయిందన్న చూపే అది. పైకి ఏమీ మొలవని కాలంలో లోపల జరిగే పనిని లెక్కలోకి తీసుకోరు. జనవరి చివర్లో పన్నెండు వారాలూ అయిపోయాయి. మా అమ్మాయి ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. మొక్క ఇంకా నిద్రలోనే ఉంది. "దీనికి మాత్రం మార్చి దాకా సెలవు" అంది నవ్వుతూ. నవ్వాను గానీ ఆ మాట నాలో ఉండిపోయింది.

మార్చిలో అందరం కలిసి విల్మింగ్‌టన్ అవతల ఉన్న కరోలినా బీచ్ స్టేట్ పార్క్‌కి వెళ్ళాం. అక్కడ ఫ్లైట్రాప్ ట్రయిల్ అని చిన్న కాలిబాట ఉంది. పొడుగాటి సూదుల్లాంటి ఆకుల పైన్ చెట్లు, ఇసక, మధ్యమధ్య చిత్తడి. ఆ నేలకి అప్పుడప్పుడూ నిప్పు కావాలట. పొదలు కాలిపోతేనే కింద ఇంత చిన్న మొక్కకి ఎండ తగులుతుంది. మంటలు రాకుండా మనుషులు ఆపేసిన చోట్లా, ఇళ్ళు కట్టిన చోట్లా ఇది మాయమైంది. మిగిలినదాన్ని దొంగలు గడ్డపారలతో పెళ్ళగించి అమ్ముకుంటున్నారు. అందుకే అడవిలోంచి దీన్ని దొంగిలించడం 2014 డిసెంబరు 1 నుంచి నార్త్ కరోలినాలో జైలుశిక్ష పడే పెద్దనేరం. కొనుక్కునేవాళ్ళు నర్సరీలో పెంచినదేనా అని అడిగి కొనాలి. కంచె ఇవతల నుంచి వంగి చూస్తే గడ్డిలో ఎక్కడో రెండు కొత్త బోనులు. చాలాసేపు చూశాను. పాపని ఎత్తుకున్న మా అమ్మాయి కూడా పక్కనే కూర్చుంది. ఎవరం చెయ్యి చాపలేదు.

ఇంటి దగ్గరున్న మొక్క కూడా అప్పటికే లేచింది. ఏప్రిల్‌లో నేను బయల్దేరబోయే ముందు మధ్యలోంచి గుండ్రటి తలతో మొగ్గ కాడ ఒకటి పైకి వచ్చింది. పువ్వు పూయడానికి ఈ మొక్క చాలా బలం ఖర్చు పెడుతుంది. నీరసంగా ఉన్నదైతే ఆ ఏడంతా తేరుకోదు. అందుకని చాలామంది కాడని మొదట్లోనే కత్తిరిస్తారు. అదే వారంలో ఫోన్లో ఒక దగ్గరి బంధువు, "రెండోది ఎప్పుడమ్మా? ఈసారి మగపిల్లాడైతే బావుణ్ణు" అన్నారు. మా అమ్మాయి, "మేం అనుకున్నప్పుడు చెప్తాంలెండి పిన్నీ" అని ఫోన్ పెట్టేసింది. కత్తెర తీసుకుని డెక్ మీదకి వెళ్ళి, కుండీ ముందు కాసేపు కూర్చుని కాడ కత్తిరించింది. "చలికాలం గట్టిగా దెబ్బతింది, ఈ ఏడు వద్దు" అంది. కోసిన కాడని తడి పీట్‌లో గుచ్చితే ఒక్కోసారి దాన్నుంచి పిల్లమొక్కలు వస్తాయి. అలాగే గుచ్చింది.

2024 వసంతంలో మళ్ళీ మొగ్గ వచ్చినప్పుడు తనే ఫోన్ చేసింది. "ఈసారి ఉంచుతున్నానమ్మా. దానికి బలం ఉంది" అంది. తర్వాత ఫోటో పంపింది. ఐదు రేకల తెల్లటి చిన్న పువ్వులు, బోనులకి జానెడు పైన. పరాగసంపర్కం చేసే పురుగుల్ని ఈ మొక్క తినేస్తుందేమోనని చాలామందికి అనుమానం. కేరీ పక్కనే ఉన్న నార్త్ కరోలినా స్టేట్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2018లో ఆ సంగతి పరిశీలించి రాశారు. పువ్వుల మీద ఎక్కువగా వాలే చిన్న తేనెటీగ జాతి, రెండు రకాల పెంకు పురుగులు బోనుల్లో దాదాపు కనిపించనే లేదు. కింద పడేవి ఎక్కువగా చీమలూ సాలీళ్ళూ. ఎవరిని దగ్గరికి రానివ్వాలో, ఎవరిని పట్టుకోవాలో ఆ మొక్క వేరువేరు చోట్ల ఉంచుకుంది. రెండున్నర శతాబ్దాలుగా వీనస్ అని పిలిచినవాళ్ళకి కింది బోనులే కనిపించాయి.

మా విద్యార్థిని ఇప్పుడు ఎక్కడుందో నాకు తెలీదు. ఆ పాఠం చెబుతున్న అధ్యాపకురాళ్ళలో ఎవరైనా ఇది చదివితే, ఏ అమ్మాయైనా ఆ ప్రశ్న అడిగినప్పుడు ఆర్థర్ డాబ్స్ ఉత్తరం దగ్గర్నుంచి మేరీ ట్రీట్ దాకా మొత్తం క్లాసుకి చెప్పండి. వెనక బెంచీలకి కూడా వినిపించేలా.